ఆయన పెట్టిన హెడ్డింగ్

మా పక్కింటి పెద్దాయన పోయారు. నేను డ్రైవ్‌వేలో మంచు తీస్తుంటే వాళ్లమ్మాయి కోటు కూడా వేసుకోకుండా బయటికొచ్చి, "నాన్న పొద్దున లేవలేదు" అంది. పార మంచులో గుచ్చి, నా కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాను. ఎనభై రెండేళ్ల మనిషి, ఏడాదిగా గుండె బాగోలేదు. అయినా ముందురోజు కూడా మా అమ్మాయి కాలేజీ అప్లికేషన్‌లో కామాలు దిద్దిపెట్టారు.

ఎడ్మంటన్‌లో మేం ఈ ఇల్లు కొన్న కొత్తలో, వెనక చెక్కల వరండా మీద మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆయన కంచె అవతల నుంచి పలకరించారు. "అది ఏం భాష? అందులో పేపర్లు వస్తాయా?" అన్నారు. ఏ దేశం, ఏం ఉద్యోగం అని కాదు, మొదటి ప్రశ్నే అది. ఇంట్లో ఉన్న పాత తెలుగు వారపత్రిక ఇచ్చాను. ఒక్క అక్షరం రాకపోయినా స్కేలు పెట్టి వరసలన్నీ చూసి, ఒకచోట రెండు మాటల మధ్య ఖాళీ ఎక్కువైందని వేలు పెట్టి చూపించారు.

ఆయన దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన తెల్లాయన, మాతృభాష డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్. కేప్‌టౌన్‌లో ఆ భాషలో పత్రికలూ పుస్తకాలూ వేసే పెద్ద కంపెనీలో ముప్ఫై ఏళ్లు సబ్ఎడిటర్‌గా చేశారు. రిటైరై కూతురి దగ్గరికి వచ్చాక ఆ కంపెనీ చరిత్ర రాయడం మొదలుపెట్టారు. శనివారాలు నేను కాఫీ పట్టుకెళ్తే, ఆ వారం రాసింది నాకు ఇంగ్లీషులో చెప్పేవారు.

"మాది వంటింటి భాష అని వెక్కిరించేవాళ్లు. ఆ భాషలోనే డైలీ పేపర్ తెచ్చి చూపించారు మావాళ్లు" అనేటప్పుడు ముఖంలో గర్వం దాగేది కాదు. ఆ తర్వాత బడిపుస్తకాలు, నవలలు, టీవీ, ఇంటర్నెట్. ఎక్కడో చైనాలో కొన్న షేర్లతో కంపెనీ ఎవరూ అనుకోనంత పెద్దదైంది. కొన్ని పేపర్లు ఇక అచ్చు కావని తెలిసినరోజు మాత్రం ఆయన కాఫీ ముట్టుకోలేదు.

ఒక అధ్యాయం దగ్గర రాత నెలల తరబడి ఆగిపోయింది. ఆయన పనిచేసిన పేపరు తెల్లవాళ్ల ప్రభుత్వానికీ, దాని జాతివివక్షకూ దశాబ్దాలపాటు కొమ్ముకాసింది. ఆ రోజుల్లో ఒక పేట మొత్తాన్ని తెల్లవాళ్లకు కేటాయించి, ఇళ్లు కూలగొట్టి, తెల్లవాళ్లు కాని అక్కడి జనాన్ని ఊరవతల ఇసుక నేలల్లోకి తోలేశారు. ఆ వార్తకు 'కొత్త ఇళ్లకు సంతోషంగా తరలిన జనం' అని హెడ్డింగ్ పెట్టింది ఈయనే. ఆఫీసులో రోజూ ఆయనకు టీ ఇచ్చే ఆవిడ ఇల్లు ఆ పేటలోనే ఉండేది.

"మర్నాడు కూడా టీ తెచ్చింది. గుడ్ మార్నింగ్ చెప్పింది. నేను తలెత్తలేదు" అన్నారు. ఆపైన, "ఆమెదీ నా భాషే. పిల్లలకు జోల పాడిందీ అందులోనే" అన్నారు.

ప్రభుత్వం మారాక, జరిగిన అన్యాయాల మీద విచారణ పెట్టారు. కంపెనీ వెళ్లలేదు. ఉద్యోగులు కొందరు తమంతట తాము క్షమాపణ చెప్తూ సంతకాలు చేశారు.

"మీరు చేశారా అంకుల్?"

"లేదు. భయమేసింది. చాలా ఏళ్లకి కంపెనీయే సారీ చెప్పింది. అప్పటికి నేనిక్కడ ఉన్నాను."

ఆ పేజీ తీసేయమని కూతురు బతిమాలింది. ఆయన వినలేదు. "హెడ్డింగ్ కింద ఎవరి పేరూ ఉండదు. అందుకే ఇప్పుడు నా పేరు నేనే పెట్టుకోవాలి" అన్నారు. నాతో ఇంకోమాట అనేవారు: "నీ భాషని ప్రేమించు. కానీ అందులో ఏమేం రాశారో కూడా చదువు." మా తెలుగు సంఘం పత్రికకు ఏదైనా రాయడానికి కూర్చుంటే ఇప్పటికీ ఆ మాటే ముందు గుర్తొస్తుంది.

పాత స్నేహితుల చేత వెతికించి, టీ ఇచ్చిన ఆవిడ కూతురి నంబరు సంపాదించారు. తల్లి ఎప్పుడో పోయిందట. మొన్న నవంబరులో ఒక ఉదయం ఆ కూతురికి ఫోన్ చేసి, అధ్యాయమంతా చదివి వినిపించారు. పక్కన కూర్చోమంటే కూర్చున్నాను. భాష అర్థం కాలేదు గానీ, ఆయన ఒక్కో వరస కింద స్కేలు పెట్టుకుని చదవడం చూశాను.

ఫోన్ పెట్టేశాక చెప్పారు: "'మా అమ్మ రోజూ మీ పేపరే చదివేది, ఆరోజు కూడా చదివింది' అంది. తర్వాత 'మీరు రాసిన వీధి కాదు, మాది దాని వెనక వీధి' అంది. అంతే."

క్షమించిందా అని నేను అడగలేదు. ఆయన ఎర్ర పెన్ను తీసుకుని వీధి పేరు దిద్దారు. పెన్నుకి మూత పెట్టడం మర్చిపోయారు.

పోయిన శనివారం పొద్దున ఆయనకు వీడ్కోలు చెప్పాం. కేప్‌టౌన్ వాళ్ల కోసం ల్యాప్‌టాప్‌లో లింకు పెట్టారు. ప్రార్థన అయ్యాక అందరూ ఒక్కొక్కరే తెర మీద నుంచి వెళ్లిపోయారు. చివరికి ఒకే ముఖం మిగిలింది. అరవై దాటిన స్త్రీ. "నాన్న ఫోన్ చేసింది ఈమెకే" అంది వాళ్లమ్మాయి మెల్లగా. అక్కడ ఎండాకాలం సాయంత్రం. ఆమె వెనక పెరట్లో తీగ మీద బట్టలు గాలికి ఊగుతున్నాయి. ఆమె లేచి వెళ్లలేదు. వాళ్లమ్మాయి ల్యాప్‌టాప్ మూయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.