బాపు మెడలో సూది

గొంతులో గడ్డ తీశాక మా బాపు మాట పోయింది. నాలుగు నెలలుగా నోరు తెరిస్తే గాలే. ఇంట్లో వెనక నుంచి ఎవరో ఊపిరి వదిలినట్టనిపించి ఉలిక్కిపడి చూస్తే, ఆయన చాయ్ అడుగుతుండేవాడు. దయ్యాలు కూడా చక్కెర తక్కువే తాగుతాయని నాకు అప్పుడే తెలిసింది.

ఎడమవైపు స్వరతంతువు కదలడం లేదన్నారు. దాన్ని కదిలించే నరం బతికి ఉందా, చచ్చిందా తేలాలి. బతికుంటే కొన్నాళ్లు ఆగి చూడొచ్చు. చచ్చి ఉంటే మళ్లీ ఆపరేషన్. అప్పుడు కూడా పాత గొంతు రాదు. అందుకే కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలోని చిన్న గదికి వచ్చాం. పట్టపగలే పరదాలు వేసి ఉన్నాయి. మూలన ఏదో మిషన్ ఒకటే మోత. డాక్టరమ్మ బాపు మెడలోకి సన్నటి సూది దించింది. దాని తీగ ఒక పెట్టెలోకి పోయింది. కండరంలో పుట్టే కరెంటును ఆ పెట్టె తెర మీద గీతగా చూపిస్తుందట, స్పీకర్లో చప్పుడుగా వినిపిస్తుందట.

"'ఈ' అనండి."

బాపు పెదాలు సాగాయి. గీత కదల్లేదు.

"ఇంకోసారి."

మళ్లీ పెదాలు. స్పీకర్లో ఖాళీ బావి లాంటి నిశ్శబ్దం. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాయబోయింది. ఒక జోకు వేద్దామని చూశాను. నాకూ గాలే వచ్చింది.

అప్పుడు గుర్తుపట్టాను ఆ నోటిని. బాపు పనిచేసే సాంచాల షెడ్డులో, మరమగ్గాల మోతలో, ఎవరూ గొంతుతో మాట్లాడరు. ఉత్త పెదాలాడిస్తారు, ఎదుటివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. మిషన్ మోత చెవిన పడితే చాలు, బాపు గొంతు దానంతటదే బందైపోతుంది. ముప్పై ఏళ్ల అలవాటు.

"మేడం, జర ఆగుండ్రి, రాయకుండ్రి. ఆయన సాంచాల కాడి లెక్క మాట్లాడుతుండు. గొంతు వాడుతనే లేడు."

"అట్ల కూడ ఉంటదా?"

"బాపూ! గిది షెడ్డు గాదే. గొంతుల కెల్లి తియ్యి. వాకిట్ల నిలవడి అవ్వను పిలుస్తవ్ గదా, గట్ల!"

బాపు నిండా ఊపిరి పీల్చాడు. నోట్లోంచి గాలే వచ్చింది. కానీ పెట్టె పలికింది, రేకుల మీద వాన మొదలైనట్టు, పటపటా. మనిషి బల్ల మీద, అరుపు పెట్టెలో.

"నరం బతికే ఉంది. పూర్తిగ కాదు, కొంత. ఆగి చూద్దాం," అంది డాక్టరమ్మ. "ఇగ నోరు మూసుకొని ఊరికే ఉండండి."

బాపు నోరు మూసుకున్నాడు. పటపట ఆగలేదు. సన్నగా, ఆగి ఆగి, మూసిన నోటి వెనకాల ఎవరో ఉన్నట్టు.

"మనసుల మాట్లాడినా ఒక్కోసారి వస్తది. ఏమనుకుంటున్నరు?"

బాపు నా వైపు తిరక్కుండానే పెదాలు కదిపాడు.

"ఏమంటున్నరాయన?"

"నన్ను తిడుతుండు మేడం. మెడల సూది దిగబడి ఉంటే నీ ఉపన్యాసాలేందిరా అని."

"జర ఆపమనండి."

"తిట్టనియ్యుండ్రి మేడం," అన్నాను. "నాలుగు నెలలాయె."