పందెం పడవకు గని క్లిప్పు

గోదావరిలో మునిగితే పుణ్యమని పెద్దలు చెప్తారు. జనరల్ మేనేజరు గారు షామియానా కింద కూర్చుని చూస్తుండగా, సేఫ్టీ అంటే ఏమిటో చూపిస్తామని వెళ్లి, ఒకే పడవలో రెండుసార్లు మునిగితే ఏం వస్తుందో మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు. నాకు తెలుసు. చెప్తాను వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

రాష్ట్రం వస్తుందా రాదా అని చాయ్ హోటళ్లలో రోజుకు నాలుగుసార్లు తీర్పులు వెలువడే రోజులవి. గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో నేను తాళ్లు అతికేవాణ్ణి. తాళ్లంటే బావి చేంతాళ్లు కావు. బొగ్గు టబ్బులను వాలులోంచి పైకి లాగే ఇనుప తాళ్లు. తెగితే పాయలు విడదీసి, ఒకదాంట్లో ఒకటి అల్లి, ఎక్కడ తెగిందో తెలియకుండా చెయ్యాలి. ఆ తాడు జారిందంటే టబ్బులన్నీ వెనక్కి ఉరుకుతాయి, ఎదురుగా ఉన్నవాడి పేరు మర్నాడు నోటీసు బోర్డు మీద ఉంటుంది. అందుకే నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెవి మెలిపెట్టి చెప్పాడు. "సదయ్యా, తాడు ఇడిసినోడు కొలువు కన్న ముందు పానం ఇడుస్తడు. యాదికి వెట్టుకో." పెట్టుకున్నాను. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

ఒకరోజు ఇనుప తాడు పోగొకటి అరచేతిలో దిగబడితే దవాఖానకు పోయాను. అక్కడికి కొత్తగా వచ్చిన డాక్టర్ సువర్ణ మేడంది విశాఖపట్నం. పోగు తీసి, కట్టు కట్టి, నా అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీరు తాళ్లతో పనిచేస్తారా, సదయ్య గారూ?"

నా పేరు పక్కన "గారు" నా పెళ్లి పత్రికలో కూడా లేదు. గాయం మానకముందే మనిషిని సగం కరిగిపోయాను.

"అవ్ మేడం. తాళ్లు అతుకుత."

"అయితే సాయంత్రం మా క్వార్టర్‌కి రండి. నా పడవ తాళ్లు చూద్దురుగాని."

మేడం లారీలో సామానుతో పాటు ఏదో తెల్లటి తొట్టి తెచ్చి ఇంటి వెనుక బోర్లించిందని కాలనీ అంతా తెలుసు. గేదెల కుడితి తొట్టి అని కొందరు, రోగులకు స్నానం చేయించే తొట్టి అని కొందరు అనుకుంటున్నారు. ఓడలు బండ్లవుతాయంటారు, ఈ ఓడ బండెక్కి మరీ మా బొగ్గు ఊరికి వచ్చిందని అప్పుడు తెలిసింది. ఇద్దరు కూర్చునే పందెం పడవ. మేడం కాలేజీ రోజుల్లో సముద్రం మీద దాన్ని నడిపి కప్పులు గెలిచిందట.

"ఇంజనేడుంది మేడం?"

"లేదు. గాలే ఇంజను."

"గాలి అటునుంచి వస్తే?"

"అటే వెళ్లొచ్చు."

"గాలి ఎదురుగ వస్తుంటె గాలిలకే పోతదా! గట్లెట్ల పోతది?"

మేడం నవ్వి, వంటింట్లోంచి ఒక చింతగింజ తడిపి తెచ్చింది. రెండు వేళ్ల మధ్య నొక్కింది. గింజ టప్పున ఎగిరి నా నుదుటికి తగిలింది. "వేళ్లు పక్కల నుంచి నొక్కితే గింజ ముందుకి దూకింది కదా. తెరచాపని గాలి ఒక పక్క నొక్కుతుంది, అడుగున ఉన్న పలకని నీళ్లు ఇంకో పక్క నొక్కుతాయి. తిన్నగా ఎదురెళ్లదు. అటు కొంత, ఇటు కొంత." ఓపెన్‌కాస్టు గని మట్టి దిబ్బ మీదికి డంపరు లారీ మెలికలు తిరుగుతూ ఎక్కినట్టన్నమాట. ఆ రాత్రి ఇంట్లో ఉన్న చింతగింజలన్నీ నేను ఎగరేస్తుంటే, మా ఆవిడ రాజేశ్వరి చారు గిన్నె మీద మూత పెట్టి నా వంక చూసింది.

"చెయ్యికి కట్టు కట్టిందా, తలకాయకు కట్టిందా గా ఆంధ్రా మేడం?"

చెప్పినా నమ్మదు. నాకు మాత్రం పురుగు తొలిచింది. షిఫ్టు దిగడమేమిటి, మేడం ఇంటి వెనక తేలడమేమిటి. చాప నిలబెట్టే కొయ్యకు మూడు వైపులా తీగలు ఉంటాయి. మా గనిలో పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు విన్నట్టు ఆ తీగలను వేలితో మీటి, "ఇది వదులుంది మేడం" అన్నాను. మేడం బిగించి చూసి ఔనంది. మేకుల మొనలు చాపను చింపకుండా టేపు చుట్టాను. చినిగిన తాళ్లు అతికాను. అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిరడా ఉందో లేదో రోజూ రెండుసార్లు చూశాను. మేడం మెచ్చుకుంది. మెచ్చుకోకుండా ఉంటే బాగుండేది.

ఇంతకీ మేడం కోరిక చిన్నది. ఎగువన బ్యారేజీ గేట్లు దించాక దాని వెనక గోదావరి నీళ్లు చెరువులా నిలిచాయి. కాలనీ పిల్లలకు ఆ నీళ్ల మీద పడవ నడపడం నేర్పాలని ఆమె ఆశ. అనుమతి ఇవ్వాల్సింది జనరల్ మేనేజరు గారు. ఆయన మా దిక్కువారే, చిన్న ఉద్యోగంలో గనిలోకి దిగి అంత ఎత్తుకు పోయినవారు. ఒక్క మాటే అన్నారట. "సేఫ్టీ సూపియ్యుండ్రి మేడం. పడవ మంచిగ పోయి మంచిగ వస్తే పిల్లలకు నేర్పుండ్రి. లేదంటే లారీ ఎక్కిచ్చి ఇంటికి పంపుండ్రి."

అంటే పిల్లల ఆశ, మేడం ఆశ, అన్నీ ఒక్క పొద్దుటి పడవ ప్రయాణం మీద ఆధారపడ్డాయి. ఆ ప్రయాణంలో రెండో మనిషిని నేను.

మేడం నాకు నేర్పిన పాఠం కూడా ఒక్కటే. "చుక్కాని నేను పడతాను. చాప తాడు మీ చేతిలో ఉంటుంది. దాన్ని ఎక్కడా కట్టకండి. గాలి ఎక్కువైందా, పడవ ఒరిగిందా, తాడు వదిలెయ్యండి. చాప ఖాళీ అయిపోతుంది, పడవ ఆగిపోతుంది. అదే మన బ్రేకు."

"ఇడిసిపెడితె ఆగుతదా మేడం?"

"ఆగుతుంది."

పైకి తలూపాను. లోపల మాత్రం పన్నెండు టబ్బులు వెనక్కి ఉరికాయి. రాజేశ్వరిని అడిగాను, వదిలేస్తే ఆగే బండి ఎక్కడన్నా ఉంటుందా అని. "సైకిల్ దొక్కుడు ఆపితె ఆగదా?" అంది. ఆ మాట వినుంటే ఈ కథ లేదు. "తాళ్ల సంగతి నీకేం ఎరుక" అని కసిరాను.

ప్రయాణం సోమవారం. ఆదివారం గనిలో మెయింటెనెన్సు. ఆదివారం వస్తే నా చేతులు ఊరుకోవు. మేడం ఇంట్లో లేని సమయం చూసి, గ్రీజు డబ్బా తీసుకెళ్లి పడవ తాళ్లన్నిటికీ, కప్పీలకూ, చుక్కాని పిడికి కూడా దట్టంగా పట్టించాను. మా ఇనుప తాడుకు గ్రీజే ప్రాణం. ఈ తాడుకు మాత్రం ఎందుకు కాదు?

మేడం వచ్చి చూసి గడప మీదే ఆగిపోయింది.

"సదయ్య గారూ, ఇదేంటి?"

"మెయింటెనెన్సు మేడం."

"ఇది ఇనుప తాడు కాదండీ! చేత్తో పట్టుకునే తాడు! గ్రీజు పెడితే చేతిలో నిలుస్తుందా?"

సబ్బు అరిగింది, మేడం చేతులు అరిగాయి, నా మొహం అరిగింది. చుక్కాని పిడి బాగుపడింది కానీ చాప తాడు మాత్రం వంకాయ తొడిమలా నల్లగా, జిడ్డుగా మిగిలిపోయింది. కొత్త తాడు తేవడానికి టైము లేదు. "పర్లేదు, గట్టిగా పట్టుకోండి చాలు" అంది పాపం. ఆ మాట అని ఉండకూడదు.

తెల్లారి గోదావరి ఒడ్డున జాతర. షామియానా, కుర్చీలు, మజ్జిగ బిందె. వరసగా నిలబెట్టిన కాలనీ పిల్లలు, అందరికన్నా ముందు రాజేశ్వరి. ఏదన్నా అయితే ఆదుకోవడానికి చేపలు పట్టే మల్లయ్య కాక తన నావతో సిద్ధంగా ఉన్నాడు.

"ఏంరా సదయ్యా, ఈతొచ్చునా?" అన్నాడు కాక.

"లైఫ్ జాకెట్టేసుకున్న గద కాకా."

"జాకెట్టుకు ఈతొచ్చు, నీకొచ్చునా అంటున్న."

ఎక్కాం. చిన్న గాలి. మేడం చుక్కాని తిప్పగానే తెల్లచాప పొంగింది, పడవ చప్పుడు చేయకుండా జారింది. నిజం చెప్పొద్దూ, ఒళ్లు జల్లుమంది. ఇంజను లేదు, తాడు లాగే యంత్రం లేదు, గాలికి ఎదురుగా మెలికలు తిరుగుతూ పోతున్నాం. చింతగింజ మాట అక్షరాలా నిజం! ఒడ్డున పిల్లలు కేకలు. జనరల్ మేనేజరు గారు కుర్చీలోంచి లేచారు.

అప్పుడే తాడు జారడం మొదలైంది. గుంజితే వస్తుంది, పట్టుకుంటే పోతుంది. వేళ్లు లాగేస్తున్నాయి. నా బుర్రలో ముసలాయన గొంతు, ఎదురుగా పిల్లల మొహాలు. ఈ తాడు జారి పడవ ఆగిపోతే ఆయన "ఇదేం సేఫ్టీ" అంటారు, పిల్లల ఆశ గంగలో కలుస్తుంది.

తాడు పట్టేవాడి జేబులో ఎప్పుడూ ఒక పానా, ఒక క్లిప్పు ఉంటాయి. రెండు నట్లతో తాడును కరిచి పట్టే ఇనుప క్లిప్పు. అది కరిస్తే కుక్క కూడా సిగ్గుపడాలి. మేడం కళ్లు చాప మీద ఉన్నాయి. తాడును మోకాలి కింద అదిమి, కప్పీలోంచి బయటికొచ్చే చోట క్లిప్పు తగిలించి, పానాతో రెండు నట్లూ బిగించాను. తాడు వదిలి చూశాను. ఇంచు కూడా కదల్లేదు. ఆహా అనుకున్నాను. చేతులు దులుపుకుని, ఒడ్డున రాజేశ్వరికి చెయ్యి ఊపాను.

ఊపిన చెయ్యి దింపకముందే గాలి ఈడ్చి కొట్టింది.

"తాడు వదలండి!"

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, ఎక్కడికి పోదు!"

"వదలండి బాబూ!"

"అది ఊడదు మేడం! క్లిప్పేసిన!"

"ఏం వేశారు?"

పడవ అంచు నీళ్లు తాగుతోంది. మేడం చుక్కానిని ఆ మూలకు తోసినా పడవ వినడం లేదు. నేను పానా పట్టుకుని నట్టు వెతుక్కుంటున్నాను. గ్రీజు చేతుల్లోంచి పానా జారింది, బుడుంగున గోదావరికి చేరింది. దాని వెనకే నేను.

ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. నేను ఏరు నడుమనే బోడినయ్యాను, తలపాగా అటు తేలిపోయింది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినవాడి సంగతి విన్నారు కదా. నేను తాడు పట్టుకుని ఈదాను. అదీ వదలకుండా.

"ఇప్పుడైనా వదలండి సదయ్య గారూ! మీ బరువుకి పడవ లేవట్లేదు!"

బతిమాలితే వదిలాను. మేడం పడవ అడుగు పలక మీదికెక్కి నిలబడి వెనక్కి వాలింది. ఆ బక్కపలచని మనిషి బరువుకే పడవ నీళ్లు కారుస్తూ లేచింది. ఒడ్డున చప్పట్లు. కానీ క్లిప్పు కరిచే ఉంది కదా. లేచిన చాప మళ్లీ గాలి పట్టుకుంది, పడవ మళ్లీ బోర్లాపడింది, ఈసారి నా నెత్తి మీద. చప్పట్లు ఆగిపోయాయి.

మల్లయ్య కాక నావ తోసుకుంటూ వచ్చాడు.

"కాకా, పానా ఉన్నదా?"

"చేపలకు పానా ఎందుకురా! వల కోసే కత్తున్నది."

మేడం కత్తి అందుకుని క్లిప్పు పక్కన తాడు తెంపింది. మళ్లీ పలక మీద నిలబడింది. పడవ లేచింది. ఈసారి చాప బట్టలా టపటపలాడింది, పడవ ఉన్నచోటే నిలబడిపోయింది. గాలి అంతే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. అయినా పడవ గోవులా నిలబడింది. నేను పీకల్లోతు నీళ్లలో నోరు తెరుచుకుని చూశాను. వదిలితే ఆగింది! ఇన్నేళ్లు బిగించడమే క్షేమం అనుకుని బతికినవాణ్ణి, వదలడం కూడా క్షేమమేనని మొదటిసారి చూశాను. సంతోషం వేసింది. ఆ వెంటనే సిగ్గూ వేసింది.

ఒడ్డుకు చేరాం. మేడం మొహంలో కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు. తడి చేతులు కట్టుకుని జనరల్ మేనేజరు గారి ముందు నిలబడింది. నేను ఆమె వెనక దాక్కున్నాను.

"మేడం, ఎన్నిసార్లు మునిగింది?"

"రెండుసార్లు సర్."

"ఎన్నిసార్లు లేసింది?"

"రెండుసార్లూ లేచింది సర్."

ఆయన నీళ్ల వైపు చెయ్యి చూపారు. "మా గనిల ఒక్కపారి కూలిందంటె మల్ల లేసుడు లేదు. ఇది మునిగి కూడా లేస్తున్నది, మనిషి తేలుతున్నడు. గింతకన్న సేఫ్టీ ఏముంటది? నేర్పుండ్రి. జాకెట్టు లేంది ఒక్క పోరగాన్ని ఎక్కనియ్యద్దు."

పిల్లలు గంతులేశారు. మేడం కళ్లల్లో నీళ్లు తిరిగాయి, లేదా గోదావరి కారింది, నాకు తెలియదు. నేను మెల్లగా మజ్జిగ బిందె చాటుకు జారుకుంటున్నాను.

"సదయ్యా, ఇటు రా."

ఆయన చేతిలో తెగిన తాడు ముక్క ఉంది, దానికి కరుచుకుని నా క్లిప్పు. ఇక కొలువు పోయినట్టే అనుకున్నాను.

"ఇది నువ్వు ఏసినవా?"

"అవ్ సార్."

"ఎన్ని ఏసినవ్?"

"ఒక్కటి సార్."

ఆయన మొహం ఎర్రబడింది. "సిగ్గున్నదా నీకు? ఇన్నేండ్ల సర్వీసు! తాడన్నంక మూడు క్లిప్పులకు తక్కువ ఏస్తరా?"

డాక్టర్ మేడం తల పట్టుకుని ఇసుకలో కూర్చుంది.

అందరి ముందు, తడి బట్టలతో, గోదావరి తల్లి మీద చెయ్యి పెట్టి అప్పటికప్పుడు ప్రమాణం చేశాను. గాలితో కదిలే దేన్నీ ఈ జన్మలో బిగించను, గ్రీజు పెట్టను, పానాతో దాని దరిదాపులకు పోను. రాజేశ్వరి దండెం తాడును కూడా ఆ ప్రమాణంలో కలిపించింది. అందుకే మా ఇంట్లో ఈనాటికీ బట్టలు తనే ఆరేస్తుంది, నేను దూరంగా కూర్చుని చూస్తుంటాను.