కెంజి గారి బ్రేకుల్లేని సైకిల్

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదంటే, నాకు రాయడం రాకపోవడమే కారణం. యాభై మూడో ఏట అక్షరాలు దిద్దాను. ఇవాళ పక్కింటివాళ్లు సైకిల్ గొలుసుకు నూనె వేస్తుంటే, ఆ వాసనకు కెంజి గారు గుర్తొచ్చారు.

కెనడాలోని బ్రాంప్టన్‌లో మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో ఆరుగురు తెలుగు ఆడపిల్లలు అద్దెకుండేవారు. కాలేజీలకు పిల్లలు గుంపులుగా దిగుతున్న రోజులవి. వేర్‌హౌస్ షిఫ్టులకు బస్సులు కుదరక సైకిళ్లు వెతుక్కునేవారు. ఎదురింటి కెంజి గారు జనం పారేసిన సైకిళ్లు తెచ్చి, గరాజ్‌లో బాగుచేసి, పేరు రాసిన చీటీ కట్టి ఇచ్చేవారు. జపాన్‌లో ఆయన మొదట పరుగుదారిలో అడ్డంగా పెట్టే హర్డిల్స్ దూకేవారు, తరవాత సైకిల్ పందేలే జీవనం. నేను వెళ్లి ఆ సైకిళ్లు తుడిచిపెట్టేదాన్ని.

ఒకరోజు ఆయన కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తూ, ఆ పిల్లల్లో శ్రావణి వస్తే ఆమె పేరు చీటీ ఉన్న సైకిల్ ఇవ్వమన్నారు. చదువు రాదని ఎవరికీ చెప్పుకోని నేను తలూపాను. శ్రావణి ఎత్తు చూసి ఒకటి ఎంచి, చీటీ చదివినట్టు నటించి తెంపేశాను.

"నాదేనా ఆంటీ? మస్తుంది."

"నీ పేరే ఉంది."

అది కెంజి గారి పందేల సైకిల్. బ్రేకులుండవు, చక్రంతోపాటే తిరిగే పెడలు ఆపితే మనిషిని విసిరేస్తుంది. వీధి చివర వాలులో శ్రావణి పడింది. కుడి మణికట్టు విరిగింది.

"బ్రేకుల్లేని బండికి నా పేరెట్ల కట్టిండు ఆంటీ ఆ తాత?" అంది. నేను చీటీని కొంగున ముడేసుకున్నాను.

సాయంత్రం చీటీ కెంజి గారి చేతిలో పెట్టాను. ఎవరికీ ఇవ్వొద్దని దానిమీద ఉందట. చదవలేదా అని అడిగారు. చదువు రాదన్నాను, శ్రావణి తప్పు మీదే అనుకుంటోందనీ చెప్పాను. తిట్టలేదు. ఇద్దరికీ వచ్చిన కాస్త ఇంగ్లీషులోనే చెప్పారు.

"హర్డిల్ తగిలితే పడేది హర్డిలే. సైకిల్ మీద పడేది మనం. ఇరవై ఏడేళ్లకు సైకిల్ పందేలు నేర్పే బడిలో చేరాను. చుట్టూ పద్దెనిమిదేళ్లవాళ్లు. మొదటిరోజే పెడలు ఆపి ఎగిరిపడ్డాను."

"నవ్వారా?"

"బాగా. అందరికన్నా చిన్నవాణ్ణి పట్టుకుని, నాకు తెలీదు, చూపించమన్నాను. ఆ తరవాత ఇరవై ఏళ్లు పందేల్లో తొక్కాను."

తన మీద పడ్డ నింద మాట ఆయన ఎత్తలేదు. ఇప్పుడాయన లేరు. బ్యాంకులోనైనా ఆసుపత్రిలోనైనా, తెలియనిది తెలీదని ఇవాళ నేను తడబడకుండా అనగలుగుతున్నాను. పిల్లల ముందు మొదటిసారి అనడానికి మాత్రం ఆ రాత్రంతా పట్టింది.

మర్నాడు పొద్దున్నే బేస్‌మెంట్ మెట్లు దిగాను. పిల్లలంతా టీ తాగుతున్నారు.

"తప్పు కెంజి గారిది కాదమ్మా. నాకు చదువు రాదు. చదివినట్టు నటించాను. నాకు అక్షరాలు నేర్పుతావా?" అన్నాను.

శ్రావణి కట్టు కట్టిన కుడిచెయ్యి ఎత్తి చూపించింది.

"ఎడమ చేత్తో రాస్త మరి. వంకర్లొస్తయి," అంటూ మంచం మీద పక్కకు జరిగింది.