చెప్పుకోలేని మనవి

ప్రియ సహోదరులారా, అప్పట్లో నా అంత బుద్ధిహీనురాలు మెట్‌పల్లి మొత్తంలో లేదు! దుబాయిలో పనిచేసే మా ఆయన దానియేలు సెలవు మీద వస్తున్నారని, క్షేమంగా చేరేలా ప్రార్థించండని, ఆయన ఫోటో, దిగే రోజు, చివరికి నా ఫోన్ నంబరు కూడా పెట్టి ఫేస్‌బుక్‌లో చాటింపు వేశాను. లోకంలో ప్రార్థించేవాళ్లే ఉంటారనుకున్నాను.

ఆయన దిగాల్సిన శుక్రవారం పొద్దున బీడీలు చుట్టుకుంటూ కూర్చుంటే ఫోన్ వచ్చింది. ఎయిర్‌పోర్టు ఆఫీసరునన్నాడు, దానియేలు బంగారంతో పట్టుబడ్డాడన్నాడు, సుంకం కట్టకపోతే జైలే, లైను కట్ చేస్తే కేసే అన్నాడు, లైను మీదుండగానే మా అత్తమ్మ కంటి ఆపరేషన్‌కని ఆయన నెలనెలా పంపిన పైసలన్నీ వాడు చెప్పిన ఖాతాకు పంపేశాను. గంట తిరగకముందే మా ఆయనే ఫోన్ చేశారు. "విమానం రేపటికి మారింది, ఇంకా రూములనే ఉన్న. గట్ల ఏడుస్తున్నవేంది?" అన్నారు. ఏం లేదని పెట్టేశాను. కట్టుకున్నవాడితో అబద్ధమాడాను సహోదరులారా! పక్కనే కూర్చున్న అత్తమ్మ, "ఎవలు బిడ్డా ఫోన్ల?" అని అడిగితే మాట మార్చి బీడీల చాట ముందేసుకున్నాను.

ఆ రోజు మా మందిరంలో ఉపవాస ప్రార్థన. గుమ్మం పక్కన మనవుల పెట్టె ఉంటుంది. చీటీ మీద పేరు లేకుండా "చెప్పుకోలేని మనవి" అని మాత్రం రాసి అందులో వేశాను. "ప్రభువా, నేనెవ్వరికీ చెప్ప, నువ్వే చూస్కో" అని ముసుగేసుకుని ఏడ్చాను.

ఆ పెట్టె తెరిచింది మా పాస్టరమ్మ. బడి గడప తొక్కని నాకు ఈ మందిరంలోనే అక్షరాలు దిద్దించింది ఆమె, నా వంకర రాత ఆమెకు తెలియదా! చీటీ పట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చారు, బయటికి తీసుకుపోయారు, అంతా చెప్పేశాను. చెప్పి మోకాళ్లూనబోతే రెక్క పట్టుకుని లేపారు. "ఉపవాసం రేపు గూడ ఉండొచ్చు కరుణా, ఫోన్ ఇప్పుడే చెయ్యాలె. జర ఆలస్యమైతే పైసలు వేరే ఖాతాలకు పోతయ్!" అన్నారు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు ఆమె ఫోన్ కలిపారు, నేను మాట్లాడాను, బ్యాంకుకూ చెప్పాం, వాడి నంబరు, మెసేజులు, డబ్బు పంపిన వివరాలు ఏవీ తుడిచెయ్యకుండా పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోయాం. అక్కడి రైటర్ "చెప్పమ్మా, నేను రాస్త" అన్నాడు. "నేనే రాస్త సార్" అన్నాను! రెండు పేజీలు రాశాను, ఒత్తులు తప్పినా ఒక్క సంగతీ తప్పలేదు, దేవునికే మహిమ!

ఇంటికొచ్చి మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను, అత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఆమెకూ చెప్పాను. ఆమె నా ముఖం తడిమి, "పైసలు పోతే పోనీ బిడ్డా, నువ్వు మంచిగున్నవ్, గది చాలు" అన్నారు. ఆ మాటతో నా గుండె బరువు దిగిపోయింది.

కొంత సొమ్ము అప్పటికే చేయి దాటింది, మిగతాది బ్యాంకు ఆపేసింది, తిరగ్గా తిరగ్గా కొన్ని నెలలకు కోర్టు ద్వారా వచ్చింది. ఈ మధ్యలో ఇంకొకడు ఫోన్ చేసి, ఫీజు కడితే మొత్తం ఇప్పిస్తానన్నాడు. "ఫీజెందుకన్నా, నీ నంబరు చాలు, ఇంకో ఫిర్యాదు రాస్త" అన్నాను, వాడే పెట్టేశాడు!

వచ్చిన సొమ్ముతో అత్తమ్మకు ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఇదిగో, ముందు వరుసలో కూర్చుని నన్నే చూస్తున్నారు.

సహోదరీలారా, చెప్పకూడనిది లోకానికి చాటి, చెప్పాల్సింది మీ దగ్గర దాచిన మనిషిని నేను. మీలో ఎవరైనా మోసపోయి ఉంటే సిగ్గుపడకండి, దేవుణ్ణి నమ్ముకోండి, వెంటనే ఫోన్ చేయండి. స్టేషన్‌కు తోడు కావాలంటే నేనొస్తాను, రాయడం రాకపోతే నేనే రాసిపెడతాను. ఈ వారం పెట్టెలో నా చీటీ మళ్లీ ఉంది. "మా అత్తమ్మ రెండో కన్ను కోసం" అని రాసి, కింద పెద్ద అక్షరాలతో నా పేరు పెట్టాను.