ఆఫీసు బెంచీ మీద చెప్పుకున్న మాటలు

ఈ మధ్య నా ఫోను మోగిందంటే అప్పు ఇస్తామనే అమ్మాయో, బీమా చేయమనే అబ్బాయో తప్ప నన్ను నన్నుగా పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు కనుక, మొన్నామధ్య ఒక మధ్యాహ్నం "అక్కా, మంచిగున్నవా" అని వినిపించేసరికి రాంగ్ నంబరేమోనని పెట్టేయబోయాను. జనగామలో నేను జీవితమంతా పనిచేసిన, వ్యాపారుల పన్నుల లెక్కలు రాసే ఆఫీసు మా సారుది, ఆయన కొడుకు అతను. సారు పోయాక ఆఫీసు అతని చేతికి వచ్చింది. పాత పార్టీల వివరాలు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నామని, పేర్లూ నంబర్లూ ఉన్నాయి గాని ఆ మనుషుల సంగతులు చెప్పేవాళ్లు లేరని, నాలుగు రోజులు వచ్చి కూర్చొమ్మని అడిగాడు. పార్టీలంటే రాజకీయం కాదు, మా లెక్కల వాళ్లు క్లయింట్లను పిలిచే పేరే అది. ఆలోచించి చెబుతానని కాస్త బెట్టు చేశాను. ఆలోచించడానికి ఏముంది, ఫోను పెట్టగానే గంజి పెట్టిన చీర వెతుక్కున్నాను.

నాది స్టేషన్ ఘన్‌పూర్. పొద్దున రైలెక్కి జనగామ పోయి, పొద్దు గూకాక వచ్చేదాన్ని. తమ్ముళ్ల చదువులయ్యాక నా పెళ్లి చూద్దామన్నారు ఇంట్లో, ఆ చదువులయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. మన ఈడు వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. తమ్ముళ్లు మంచివాళ్లే, ఎవరి సంసారాలు వాళ్లవి. టైపు మిషను ముందు, నడుమ కార్బన్లు పెట్టిన కాగితాలను టకటక కొడుతూ నా వయసు గడిచిపోయింది.

మా సారు తీరు వేరు. మనిషి సంచిలోంచి కాగితాలు తీయబోతే, "ఆగు, ముందు ఏమన్న తిన్నవా చెప్పు" అనేవారు. తర్వాత వానలు, పంటలు, కూతురి కాన్పు, అల్లుడి అలక, అన్నీ అయ్యాకనే లెక్కలు. చేరిన కొత్తలో నాకు ఒళ్లు మండేది, ఈయన ముచ్చట్లతో నా రైలు తప్పిపోతుందని. పోను పోను తెలిసింది, ఆయన వ్యాపారం పెంచుకుంటున్నదే ఆ ముచ్చట్లతోనని. కొత్తగూడ నుంచి తేనె, కరక్కాయలు కొనే వ్యాపారి వస్తే, అతని అడవి బస్సు తొందరగా పోతుంది కనుక ఎంతమంది ఉన్నా అతని పనే ముందు. మానుకోటలో మిర్చి దిగే రోజుల్లో అక్కడి సేట్లను కాగితాలకు పిలిచేది లేదు. భూపాలపల్లి ఎరువుల దుకాణం ఆయనకు చక్కెర లేని చాయ్. ఇలా ఆదరిస్తే ఆ మనిషి మళ్లీ వచ్చేటప్పుడు జఫర్‌గఢ్ వియ్యంకుణ్ణి వెంటబెట్టుకొని వచ్చేవాడు. ఒక గది ఆఫీసు మూడు గదులైంది అట్లాగే, గోడకు సరైన బోర్డు కూడా లేకుండా.

సారు గదిలోకి పోయే ముందు అందరూ నా పక్కనున్న చెక్క బెంచీ మీద కూర్చునేవారు, కూర్చున్నవాళ్లు నాతో చెప్పుకునేవారు. ఆ విషయంలో ఒక్కటే సారు కట్టడి. "బెంచి మీది ముచ్చట బెంచి మీదనే ఉండాలె. ఇంటికి మోసుకపోకు. ఆఖరికి నాక్కూడ చెప్పకు" అన్నారు. ఇంటికి మోసుకుపోయినా వినే నాథుడెవరున్నాడని నాలో నేనే నవ్వుకున్నాను.

మొన్న పోయేసరికి ఆ బెంచీ లేదు. బిల్లులన్నీ ఫోనులోనే వస్తుంటే మనిషి ఎందుకు వస్తాడు, వచ్చినా ఎందుకు కూర్చుంటాడు. అద్దాల గదిలో భూపాలపల్లి పిల్ల ఒకతె కంప్యూటరు ముందు ఉంది. మొదట మేడం అంది, టిఫిను డబ్బా పంచుకున్నాక పెద్దమ్మా అంది. ఎవరి కొడుకు చదువు అయిపోవచ్చింది, ఎవరు కొత్త దుకాణం పెట్టేటట్టున్నారు, ఇవన్నీ ఎక్కిస్తే ఎవరికి ఎప్పుడు ఫోను చేయాలో ఆ మిషనే చెబుతుందట. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, సారు చేసిందీ ఒక రకంగా అదే. నేను చెబుతుంటే ఆ పిల్ల పడీ పడీ నవ్వేది. రోజుకు పది మాటలు మాట్లాడని దాన్ని, ఆ నాలుగు రోజుల్లో గొంతు బొంగురుపోయేలా మాట్లాడాను. నిజం చెప్పాలంటే సాగదీశాను. పేర్లు అయిపోతే నేను ఇంటికి పోవాలి కదా.

అప్పుడు వచ్చింది మానుకోట రైసుమిల్లు పేరు. సారు కొడుకే కుర్చీ జరుపుకొని కూర్చుని, "అక్కా, ఆ మిల్లు అన్నదమ్ములు వేరు పడుతరా ఏంది? పడితే రెండు కంపెనీలు, రెండు రిజిస్ట్రేషన్లు. ముందే చిన్నోనికి ఫోన్ చేసి మేం చూస్కుంటమంటే అయిపాయె" అన్నాడు.

నాకు తెలుసు. నేను ఉద్యోగం మానే ముందు, ఆ అన్నదమ్ముల తల్లి, మిల్లు పెద్దమ్మ, సంతకానికి వచ్చి, బెంచీ మీద నా చెయ్యి పట్టుకొని చెప్పింది. "చిన్నోడు వేరు పోతనంటుండు బిడ్డా. కాగితాల పనికి జంకి ఆగిండు గని, లేకుంటే ఎప్పుడో పోయెటోడు. నా కండ్లు మూతపడేదాంక గిట్లనే నడిస్తే చాలు." ఆ తల్లి ఇంకా ఉంది. ఇక్కడి నుంచి ఒక్క ఫోను పోతే ఆ జంకు తీరిపోతుంది, ఆమె కళ్లెదుటే పొయ్యి రెండవుతుంది.

"నాకేం తెల్వది" అన్నాను.

"నీకు తెల్వనిది ఉంటదా అక్కా?" అన్నాడు నవ్వుతూ. చెడ్డవాడు కాదు, నా మీద నమ్మకంతోనే అన్నాడు. మళ్లీ తెలియదన్నాను. ఒకటి దాచాక మిగిలినవన్నీ నోట్లోనే తూకం వేసుకోవలసి వచ్చింది. ఆ సాయంత్రం వరకు ఏది అడిగినా యాది లేదంటూనే ఉన్నాను. పాపం పెద్దమ్మకు మతిమరుపు వచ్చినట్టుందని ఆ పిల్ల అతనితో మెల్లగా అనడం వినిపించింది. మర్నాడు రమ్మని ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చి మిల్లు పెద్దమ్మకు ఫోను చేద్దామనుకున్నాను, నీ మాట దాచానమ్మా అని. ఆ మాట అంటే చాలు, ముసలి ప్రాణం లేనిపోని బెంగ పెట్టుకుంటుంది. చేయలేదు. ఒక మాట నిలుపుకున్నానని చెప్పుకోవడానికి కూడా నాకు మనిషి లేకపోవడం ఆ రోజు నాకు ఏడుపు తెప్పించింది.

అప్పట్లో మన కష్టం ఒకరికి తెలిస్తే గుండె బరువు తగ్గేది. ఇప్పుడు మన సంగతులన్నీ ఎక్కడెక్కడో ఎవరెవరికో తెలుసు, ఏ బరువూ తగ్గదు. నా చెవిన వేసి పోయినవాళ్ల కష్టాలు ఎన్నో నాతోనే ఉన్నాయి, వాటితోనే నా కాలక్షేపం.

మరి మాకు చెప్పేశావు కదా అంటారేమో. ఆ మిల్లు మానుకోటలో లేదు. మాటకొస్తే అది మిల్లే కాదు. ఇక నన్ను అడగకండి.