డాబా మీద ఈత

నిరుడు ఎండాకాలం, ఆదివారం మధ్యాహ్నం. నాచారంలో మా మూడంతస్తుల ఇంటి డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లాను. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి పిట్టగోడ మీద నిలబడి కిందికి చూసి నవ్వుతున్నాడు.

“మమ్మీ, గల్లీ నిండా నీళ్లే! జర ఈత కొట్టొస్తా.”

కింద ఉన్నది సిమెంటు రోడ్డు. “నీళ్లెక్కడియిరా, దిగు!” అని అరిచాను.

“నీకు కనబడ్తలేవా?” అంటూ ఒక కాలు గాల్లోకి చాచాడు.

మొగుడితో, అత్తతో, ఆటోవాళ్లతో వాదనలో ఏనాడూ తగ్గని నేను ఆ క్షణంలో తగ్గాను.

“అవున్రా, మస్తు నీళ్లున్నయ్. గని జీన్స్ ప్యాంటు మీద ఎవడన్న ఈత కొడ్తడా? ఇటు దిగి నిక్కరేస్కో.”

“గదీ నిజమే” అని ఇటువైపు దిగాడు. గట్టిగా పట్టుకుని, సాయానికి రమ్మని కేకలు వేశాను.

స్నేహితుడిచ్చిన, ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు పట్టించిన కాగితం ముక్క నాలుక మీద పెట్టుకున్నాడట. ఉప్పల్ ఆసుపత్రిలో మావారు, “వడదెబ్బ అని చెప్పు, ఇజ్జత్ పోతది” అని గొణిగారు. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. మత్తు దిగిపోయినా ఇలా లేనివి ఉన్నట్టు మళ్లీ ఎప్పుడైనా కనబడవచ్చని డాక్టరు అన్నారు.

మళ్లీ ముట్టలేదంటున్నాడు. అయినా కిటికీ దగ్గర కాసేపు ఆగితే చాలు, “ఏం చూస్తున్నవ్‌రా?” అంటాను.

“ఏం లేదు మమ్మీ, ఊకె నిలబడ్డ” అని విసుక్కుంటాడు.

ఆ విసుగు వినబడితేనే నాకు ఊపిరాడుతుంది.