గోడకి అవతల ఆడినవాడు

ఒట్టేసి చెప్తున్నా, ఇది నాకే జరిగింది. ఎవరో చెప్తే విన్నది కాదు. నమ్మలేకపోతే లేచెళ్ళి పడుకోండి, నేనేం అనుకోను. వాదించే ఓపిక లేదు నాకు...

డెబ్భైల మొదట్లో మాట. తెనాల్లో ఓ రైస్ మిల్లులో కాటా దగ్గర గుమాస్తాని. మా ఓనరుగారికి బాల్ బ్యాడ్మింటన్ పిచ్చి. మిల్లుకో టీము పెట్టాడు. నన్ను పనిలోకి తీసుకున్నదే ఆట చూసి. కానీ నా బ్యాక్‌హ్యాండ్ దండగ. ఎడం పక్కకి బంతి వచ్చిందంటే నెట్లోకే. "రేపల్లె టోర్నమెంటులో కూడా ఇలాగే ఆడితే, ఇంక మిల్లుకి రావక్కర్లేదయ్యా," అనేశాడాయన. ఇంట్లో అమ్మా, ఇద్దరు చెల్లెళ్ళూ నా మీదే ఆధారం.

అందుకని పగలంతా బస్తాలు తూయించి, సాయంత్రం సైకిలేసుకుని దుగ్గిరాల పోయేవాణ్ణి. అక్కడ పసుపు గోడౌనుకి వాచ్‌మన్ యేసుదాసు బాబాయ్. ఒకప్పుడు మా వీధిలోనే ఉండేవాడు. ఖాళీ గది ఒకటి తీసిపెట్టేవాడు. ఒక్కణ్ణే గోడకేసి కొట్టుకునేవాణ్ణి. బ్యాక్‌హ్యాండ్... మళ్ళీ బ్యాక్‌హ్యాండ్. భుజం పడిపోయేది. ఏడుపొచ్చేది, నిజం.

ఆ రాత్రీ అంతే. ఊలు బంతి కదా... గోడకి తగిలితే మెత్తగా థప్. బ్యాటు మాత్రం టంగ్‌మంటుంది. టంగ్... థప్. టంగ్... థప్. కాసేపటికి ఇంకో టంగ్ వినపడింది. నాది కాదు. గోడ అవతల్నుంచి.

బాపట్ల టీమువాళ్ళే అనుకున్నా. టోర్నమెంటు ముందు ఎవరి కంటా పడకుండా ఊరుగాని ఊళ్ళో ప్రాక్టీసు చెయ్యడం అప్పట్లో మామూలే. నేను చేస్తున్నదీ అదేగా. పక్క గది వాళ్ళకిచ్చి నాకు చెప్పలేదని బాబాయ్ మీద కోపమొచ్చింది. సరే, వాడాగాకే నేనాగుతా అని పంతం పట్టా. కొట్టా. వాడూ కొట్టాడు. వాడి దెబ్బ ఎంత శుభ్రంగా ఉందో... లయ తప్పట్లేదు. నా చెయ్యి కూడా దాంతో కలిసిపోయింది. మొదటిసారి నా మణికట్టు నేను అనుకున్నట్టు తిరిగింది.

ఇంక నావల్ల కాలేదు. బ్యాటు పక్కన పడేసి, గోడకానుకుని కూలబడ్డా. అవతల ఆగలేదు. టంగ్... థప్. ప్రతి దెబ్బా నా వీపుకి తెలుస్తోంది. మధ్యమధ్యలో... ఊపిరి. రొప్పుతున్నాడు. నాకంటే అలిసిపోయినవాడి రొప్పు.

నాకు భయం కంటే ముందు జాలేసింది. "చాల్లేవయ్యా, ఇంక పడుకో," అన్నా, గోడ దగ్గర మొహం పెట్టి.

ఆగింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత మెల్లగా... ఓపిక లేకుండా... మళ్ళీ. టంగ్.

బయటికొచ్చేశా. "పక్క గది ఎవరికిచ్చావ్ బాబాయ్?" అన్నా.

"ఎవరికిస్తానయ్యా?" అంటూ తాళం తీసి లాంతరు ఎత్తి చూపించాడు. గుమ్మం దగ్గర్నుంచే పసుపు బస్తాలు. పైన దూలాల దాకా, నా గోడని ఆనుకుని. చెయ్యి దూర్చే సందు లేదు.

"నీకేం చప్పుడు వినపడలేదా?"

లాంతరు దించాడు. "వినపడిందయ్యా. నువ్వు కొట్టుకుంటున్నావనుకున్నా. కానీ... నువ్వొచ్చి నా పక్కన నిలబడ్డాక కూడా వినపడింది."

రేపల్లెలో ఎడం పక్కకొచ్చిన బంతి ఒక్కటీ వదల్లేదు. ఓనరుగారు అక్కడే భుజం తట్టి పని ఖాయం చేశాడు. "ఎవరు నేర్పారయ్యా?" అనడిగాడు. ఏం చెప్పను... గోడకేసి కొట్టుకున్నానండి, అన్నా.

అది ఎలకలో, గాలో, నా అలసటో... ఇప్పటికీ తెలీదు. పసుపు అమ్ముడుపోయి ఆ గది ఖాళీ అయ్యాక ఓసారి వెళ్ళా. గోడకి చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డా. ఏ చప్పుడూ లేదు. పడుకున్నాడనే అనుకుంటున్నా. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు.